తిరగని మూత

ముసలమ్మ జుట్టుకి రంగు వేసుకుని పడుచు వేషం వేస్తే ఊరంతా నవ్వుతుంది. పడుచుది ముసలి వేషం వేసుకొస్తే మాత్రం అదే ఊరు డబ్బులిచ్చి కొనుక్కుని మురిసిపోతుంది. నేను చెప్పేది మనుషుల సంగతి కాదు, కార్ల సంగతి. "కార్ల గొడవ నీకెందుకే?" అని మావారు అప్పుడే పేపరు పక్కన పెట్టి అడిగారు. మీరు మాత్రం పేజీ తిప్పెయ్యకండి. ఎక్కడో అమెరికా రోడ్డు మీద మొదలైన ఈ గొడవ చివరికి మా ఇంటి గుమ్మం దాకా వచ్చి కూర్చుంది.

మా అబ్బాయి డెట్రాయిట్ పక్కన ఉంటాడు. కార్ల పరిశ్రమని నమ్ముకుని ఆ చుట్టుపట్ల బతికే తెలుగువాళ్ళు చాలామంది. వీడూ ఆ బాపతే. ఆఫీసుకి వెళ్ళడానికి ఒక మామూలు కారుంది. అది చాలక, ఎర్ర మస్టాంగ్ ఒకటి సెకండ్‌హాండ్‌లో కొన్నాడు. 2006 మోడల్. ఆదివారం పూట దానికి చేసే అభిషేకం చూడాలి! ఈ సేవలో సగం భార్యకి చేస్తే ఆ పిల్ల ఎంత సంతోషించేదో!

"అమ్మా, ఇది అచ్చం నీ కాలం నాటి కారే. అదే ముక్కు, అదే నడుం, అదే తోక. 1960ల మస్టాంగ్‌కి నకలు" అన్నాడు గర్వంగా.

నా కాలంలో మా ఊళ్ళో తిరిగింది ఎర్రబస్సూ, ఒంటెద్దు బండీను. ఆ మాట అనలేదు, పాపం ముచ్చటపడుతున్నాడని.

అక్కడ ఏటా ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ ఎవెన్యూ అనే పెద్ద రోడ్డు మీద పాత కార్ల తిరనాళ్ళు జరుగుతాయి. 1995లో మొదలైందట. పాత కార్లున్న వాళ్ళంతా వాటిని కడిగి, తుడిచి, పెళ్ళికూతుళ్ళలా ముస్తాబు చేసి మైళ్ళ తరబడి నెమ్మదిగా ఊరేగిస్తారు. జనం మడత కుర్చీలు వేసుకుని రోడ్డు పక్కన కూర్చుని చూస్తారు. పోయినేడు నేనూ పులిహోర డబ్బాతో వెళ్ళి కూర్చున్నాను.

మా వాడి ఎర్రకారు పక్కనే, తెల్లజుట్టు పెద్దమనిషి ఒకాయన తన కారు తెచ్చి నిలిపాడు. అదీ మస్టాంగే, 1966 నాటిది. ఇంకేం, పోలిక చూడ్డానికి ఇంతకంటే మంచి అవకాశం ఏముంటుంది? లేచి రెండింటి చుట్టూ ప్రదక్షిణం చేశాను.

దూరంనించి చూస్తే కవలపిల్లలే. ముందు పొడుగాటి బానెట్, వెనక పొట్టి డిక్కీ, ముక్కు మధ్య పరిగెత్తే గుర్రం, వెనక మూడేసి గీతలుగా దీపాలు. దగ్గరికెళ్ళాక తెలిసింది. పాతది సన్నగా, పొట్టిగా, ఎండుకట్టె శరీరంతో ఉంది. కిటికీలు పెద్దవి, వాటి మధ్య కమ్ములు సన్నవి. లోపల కూర్చున్నవాళ్ళకి నాలుగు వైపులా లోకం కనిపిస్తుంది. కొత్తదానికి తలుపులు చంకల దాకా వచ్చాయి, కిటికీలు సన్నబడ్డాయి. అంత పెద్ద ఒంటికి పాత చక్రాలు ఆనవు కనక చక్రాలనీ పెంచారు. చంటిపిల్ల గౌను నమూనా చూసి నడివయసావిడకి కుట్టినట్టుంది. పూలు అవే, కుచ్చులు అవే, కానీ ముచ్చట ఎక్కడో జారిపోయింది.

రెండింటికీ వెనక, డిక్కీ మధ్యలో, గుర్రం బొమ్మతో గుండ్రటి బిళ్ళ ఉంది. ఇదేమిటని పెద్దాయన్ని అడిగాను. నవ్వి, దాన్ని తిప్పి ఊడదీసి చేతిలో పెట్టాడు. పెట్రోలు వాసన గుప్పుమంది. అది టాంకు మూత! పెట్రోలు అక్కడే పోస్తారు. సరే కదా అని మా వాడి కారు దగ్గరికొచ్చి దాని బిళ్ళ పట్టుకుని తిప్పాను. తిరగలేదు. గట్టిగా తిప్పాను.

"అమ్మా, అమ్మా! విరిగిపోతుంది! అది మూత కాదు. పెట్రోలు పోసేది పక్కన, వెనక చక్రం పైన. ఇది ఊరికే, అందానికి."

"అందానికైతే ఇంకేదైనా పెట్టొచ్చుగా? తెరుచుకోని మూత ఎందుకురా?"

"పాతదానికి అక్కడ ఉంది కదమ్మా!"

ఇదిగో, నా ఒళ్ళు మండింది ఈ జవాబుకే. పాతదానికి అక్కడ ఉంది, ఎందుకంటే దాని వెనక టాంకు ఉంది. దీనికి వెనక ఏమీ లేకపోయినా అక్కడ ఉంది, ఎందుకంటే పాతదానికి ఉంది! తద్దినం రోజున పిల్లిని గంప కింద మూశారని, పిల్లి లేకపోయినా ఎక్కణ్ణించో ఒకదాన్ని పట్టుకొచ్చి మరీ మూసే కథ మనకి తెలుసు. మనల్ని వెక్కిరించడానికి చెప్పే ఆ కథ, ఇంత చదువుకున్న ఇంజనీర్లు ఇనుములో పోతపోస్తే దానికి "డిజైన్" అని పేరు.

అసలు ఆ పాత మస్టాంగ్ ఎలా పుట్టిందో తెలుసుకుంటే నా కోపం మీకూ అర్థమవుతుంది. 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో దాన్ని లోకానికి చూపించారు. ధర 2,368 డాలర్ల నించి మొదలు. ఆ ఒక్క రోజే 22,000 ఆర్డర్లు వచ్చాయి. ఏడాది తిరిగేసరికి నాలుగు లక్షలకి పైగా అమ్ముడుపోయాయి. రెండేళ్ళు నిండకుండా పది లక్షలు. వరస నంబరు ఒకటో కారుని కెనడాలో విమానం నడిపే ఆయన ఒకాయనకి పొరపాటున అమ్మేసి, తరవాత నాలిక కరుచుకుని, 1966లో ఆయనకి పది లక్షల ఒకటో కారు ఇచ్చి దాన్ని వెనక్కి తెచ్చుకున్నారు. ఆ తెల్లకారు ఇప్పుడు డియర్‌బార్న్‌లో హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో ఉంది.

ఈ లెక్కలన్నిటికంటే నా మనసుకి పట్టింది వేరే కథ. ఆ ప్రదర్శనకి రెండు రోజుల ముందే, ఏప్రిల్ 15న, షికాగోలో ఒక షాపువాడు చాటున దాచిన మస్టాంగ్‌ని చూపిస్తే ఒకరు అక్కడికక్కడే కొనేశారు. దుకాణంలో అమ్ముడుపోయిన మొదటి మస్టాంగ్ అదేనంటారు. కొన్నది ఎవరనుకున్నారు? కండలు తిరిగిన మగాడు కాదు. ఇరవై రెండేళ్ళ బడిపంతులమ్మ! ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర అప్పు తీసుకుని, లేత నీలంరంగు కారు కొనుక్కుని నడుపుకుంటూ వెళ్ళిపోయింది. నేనూ ముప్ఫై ఏళ్ళు పంతులమ్మగా చేసినదాన్నే. నా మొదటి జీతంతో కొన్నది లేడీస్ సైకిలు, అదీ వాయిదాల మీద. ఆ పిల్ల ఆ రోజు ఎంత పొంగిపోయి ఉంటుందో నాకు తెలుసు.

అంటే ఏమిటన్నమాట? ఆ కారు గొప్పంతా దాని ముక్కులోనో తోకలోనో లేదు. అప్పుడే చదువై ఉద్యోగాల్లో చేరుతున్న కుర్రకారుకి, ఆడపిల్లలకి, వాళ్ళ జీతానికి అందే ధరలో, అంతకుముందు ఎవరూ చూడని కొత్త రూపం ఇచ్చారు. అదీ దాని గొప్ప. నకలు చెయ్యదలిస్తే చెయ్యవలసింది దాన్ని! వాళ్ళు ముక్కూ తోకా నకలు చేసి అసలుది వదిలేశారు.

మా వాడు ఊరుకుంటాడా? ఎంతైనా నా కొడుకేగా. "నీ పాతకారు మాత్రం సత్యహరిశ్చంద్రుడా? ఇలా రా" అని పెద్దాయన కారు పక్కకి లాక్కెళ్ళాడు. వెనక చక్రం ముందు, గాలి పీల్చుకునే కన్నంలా ఒక లొట్ట ఉంది. "వేలు పెట్టి చూడు, గాలి లోపలికి పోతుందేమో." పోదు. అదీ ఉత్త అలంకారమే! "ఇంకోటి. ఈ పైమెరుగుల కింద ఉన్నది ఫాల్కన్ అనే చవక కారు తాలూకు సరంజామా. మొదటి చవక మోడల్ ఇంజను 101 హార్స్ పవర్. నా దానికి 210. దీనికి నాలుగు చక్రాలకీ డ్రమ్ము బ్రేకులు. నడుముకే తప్ప భుజానికి పట్టీ లేదు. పెట్రోలు టాంకు పైరేకే డిక్కీకి నేల. వెనకనించి ఎవడైనా గుద్దితే ఏమవుతుంది? నా దాంట్లో ఎయిర్‌బాగులున్నాయి. నీ కొడుకు ఏ కారులో తిరగాలి, చెప్పు!"

తల్లి నోరు మూయించడానికి ఇంతకంటే బాణం లేదు. ఒప్పుకున్నాను. పాతకాలమంతా బంగారం అనేది దాన్ని అనుభవించనివాళ్ళే. కట్టెలపొయ్యి దగ్గర కళ్ళు పోగొట్టుకున్న ఏ ముసలమ్మా గ్యాసుస్టవ్వుని తిట్టదు. యంత్రంగా చూస్తే కొత్తదే మేలు. వెయ్యిసార్లు ఒప్పుకుంటాను. అందుకే అడుగుతున్నాను. ఇంత మంచి యంత్రం చేసుకున్నవాళ్ళకి, దానికి తగిన సొంత మొహం ఎందుకు లేదు? లోపలంతా కొత్త, పైన తాతగారి తలపాగా! ఇక ఆ పాత లొట్ట అబద్ధమే కావచ్చు. లేనమ్మాయి పెళ్ళికి గిల్టునగ పెట్టుకున్నట్టు, ఉన్నంతలో అందంగా కనపడాలన్న ఆశ అది. కొత్త బిళ్ళది ఆ ఆశ కాదు. ఇంకొకరి జ్ఞాపకాన్ని అద్దెకి తెచ్చుకుని తనదని చూపించుకోవడం.

ఇది ఒక్క మస్టాంగ్ జబ్బు కాదు. ఫోర్డు కంపెనీకి డిజైనుల పెద్దగా ఉండిన జె. మేస్ అనే ఆయన ఈ పద్ధతికి ఒక సిద్ధాంతమే చెప్పాడు, పాతలోంచి భవిష్యత్తు తీస్తామని. 2002లో పాత థండర్‌బర్డ్ పోలికతో ఒకటి తెస్తే, జనం మొదట ఎగబడి తరవాత చల్లబడ్డారు. 2005తో దాని కథ ముగిసింది. అదే 2005 మోడల్‌తో మస్టాంగ్ పాత రూపానికి తిరిగింది. అది బాగా అమ్ముడుపోయేసరికి, 2008లో డాడ్జ్ వాళ్ళు 1970 నాటి ఛాలెంజర్ని లేపారు. 2010 మోడల్‌గా షెవ్రొలే వాళ్ళు 1969 నాటి కమారోని లేపారు. వీటిని మజిల్ కార్లు అంటారు, కండల కార్లన్నమాట. నిజానికి కండలకంటే కొవ్వే ఎక్కువ పెరిగింది. పాత ఛాలెంజర్ పొడుగు 191 అంగుళాలు, కొత్తది 198. 2008 నాటిది 1,850 కిలోలు దాటింది. మొదటి మస్టాంగ్ 1,100 కిలోల పైచిలుకు, 2024 మోడల్ 1,600 పైన.

"అయినా జనం కొన్నారుగా?" అంటాడు వీడు. కొన్నారు. పాత ఛాలెంజర్ 1974కే చచ్చిపోయింది. పెట్రోలు కరువు, పొగ మీద చట్టాలు, పెరిగిన ఇన్సూరెన్సు, అన్నీ కలిసి ఐదేళ్ళకే మింగేశాయి. నకలు 2008 నించి 2023 దాకా బతికింది. అసలుకి మూడింతల ఆయుష్షు! కాదనను. కానీ ఆ పదిహేనేళ్ళూ దాని మొహం దాదాపు అదే. పాతవాటికి ఏడాదికొక పోకడ, రెండు మూడేళ్ళకొక కొత్త రూపం ఉండేవి. నకలుకి మారే స్వేచ్ఛ లేదు. మారితే నకలు కాకుండా పోతుంది మరి! ఫొటోకి వయసు రాదు, అది నిజమే. ఫొటో పెరగదు కూడా.

డబ్బు సంగతీ చూడండి. అప్పటి 2,368 డాలర్లని 2024 లెక్కకి పెంచితే ఇంచుమించు ఇరవైనాలుగు వేలు. ఆ ఏటి మస్టాంగ్ ధర ముప్ఫై వేలు దాటి మొదలైంది. ఆ రోజు వుడ్‌వర్డ్ మీద నేను కూర్చున్నచోట, కొత్త "పాత" కార్లలో స్టీరింగ్ వెనక కనపడినవాళ్ళు ఎక్కువమంది యాభై దాటిన మగవాళ్ళే. ఇరవై రెండేళ్ళ పంతులమ్మలు ఎక్కడున్నారో నాకు కనపడలేదు. కుర్రకారు కోసం పుట్టిన బండి, కుర్రతనం గుర్తుచేసుకునేవాళ్ళ బండి అయిపోయింది.

ఇంకా విడ్డూరం వినండి. 2015 మస్టాంగ్‌లో చిన్న ఇంజను రకానికి పెద్ద ఇంజనులా గర్జించే చప్పుడు లోపలి స్పీకర్లలోంచి వినిపించే ఏర్పాటు చేశారు. 2024 మోడల్‌గా డాడ్జ్ వాళ్ళు తెచ్చిన చార్జర్ డేటోనా బాటరీతో నడిచేది. దానికి పొగా లేదు, గొట్టమూ లేదు, చప్పుడూ లేదు. దేవుడిచ్చిన వరంలాంటి నిశ్శబ్దం! దానికీ పాత ఇంజను గర్జనలాంటి మోత కృత్రిమంగా పెట్టారు. మూత అయింది, మోత మొదలైంది.

ఇంటికొచ్చాక మా కోడలు మెల్లిగా ఒక మాట అడిగింది. "అత్తయ్యా, మరి నా పెళ్ళికి మీరు మీ అత్తగారి వంకీ మోడల్లోనే నాకు వంకీ చేయించారు కదా? అదీ నకలేగా?" తెలివైన పిల్ల. ఆ రాత్రంతా ఆలోచించాను. కాదమ్మా, అది నకలు కాదు. ఆ వంకీ నీ చేతికి పడుతుంది. మా అత్తగారి చేతికి ఏ పని చేసిందో నీ చేతికీ అదే పని చేస్తుంది. కంసాలి అదే పనితనంతో బంగారం కరిగించి చేశాడు. ఆవకాయ మా అమ్మ పెట్టినట్టే నేనూ పెడతాను. అది పాతని మొయ్యడం. మూత తిరిగి పెట్రోలు పడితే, ఎన్ని వందల ఏళ్ళ పాత నమూనా అయినా నాకు అభ్యంతరం లేదు. తిరగని మూతతోనే నా పేచీ.

ఇంత పేచీ ఎందుకంటే, అసలు సంగతి ఇప్పుడు చెబుతున్నాను. గుడివాడ దగ్గర పల్లెలో మా అత్తవారిది మండువా ఇల్లుంది. మావారి తాతగారు కట్టించింది. పెంకులు జారిపోయాయి, దూలాలకి చెదలు పట్టాయి. పడగొట్టి కొత్తది కట్టిస్తానని మా వాడు ముచ్చటపడి ప్లాను గీయించాడు. నేను అక్కడున్నప్పుడే కంప్యూటర్లో చూపించాడు. రెండంతస్తుల కాంక్రీటు మేడ. ముందు కాంక్రీటు స్తంభాలకి కొయ్యరంగు, చెక్కినట్టు నగిషీ. శ్లాబు అంచున వరసగా అతికించిన పెంకులు. మధ్యలో మండువా ఉంది. దాని మీద అద్దాల కప్పు, కింద సోఫాలు, ఏసీ.

"మన పాత ఇల్లు లాగే ఉంది కదమ్మా!" అన్నాడు, ఎర్రకారు చూపించినప్పటి గొంతుతోనే.

మండువా అంటే ఏమిటి? నాలుగు పక్కలనించీ వాలిన కప్పు మీద పడ్డ వాన మధ్యలోకి జారాలి. కాపురానికొచ్చిన కొత్తలో మా అత్తగారు, వాన మొదలవగానే చూరు కింద గంగాళాలు వరసగా పెట్టించేది. ఆ నీళ్ళకి పప్పు మెత్తగా ఉడుకుతుందనేది. వడియాలు ఎండింది అక్కడ, పిల్లలకి నలుగు పెట్టింది అక్కడ, పురుటిగదిలోంచి వచ్చి వీణ్ణి మొదటిసారి ఎండ చూపించింది అక్కడ. ఎండా వానా రాని మండువా మాకు ఎందుకు? అది మా వాడి కారు వెనకాల బిళ్ళే!

కొడుకు ముచ్చటని కొట్టిపారెయ్యడం నాకూ కష్టంగానే ఉంది. వాడికి ఆ ఇంటి మీద ప్రేమ లేకపోతే ఈ పెంకులు అతికించే ఆలోచనే రాదు. ఆ ప్రేమ నిజం. అందుకే గట్టిగా చెప్పాను. "ఒరే, రెండే దారులు. ఓపికుంటే పాత ఇంటికి దూలాలు మార్చి, పెంకులు నేయించు. లేదా హాయిగా పడగొట్టి, మీకు కావలసిన కొత్త ఇల్లు కొత్త ఇల్లులాగే కట్టు. మీ తాతగారు ఆ రోజుల్లో కట్టించింది ఎవరి ఇంటికీ నకలు కాదు. తన గొడ్డూ గోదా, తన పిల్లా జెల్లా చూసుకుని కట్టించుకున్నాడు. నువ్వూ అలా కట్టుకో. అప్పుడే ఆయన మనవడివి."

"మీ తల్లీకొడుకులు తేల్చుకోండి" అని మావారు పక్క గదిలోకి వెళ్ళిపోయారు. ఆయనకెప్పుడూ అంతే.

నేను తిరిగొచ్చి నాలుగు నెలలైంది. వచ్చేముందు ఆ ఎర్రకారులో ఎయిర్‌పోర్టు దాకా దింపాడు. సుఖంగానే ఉంది, అబద్ధమెందుకు. మొన్న ఆదివారం ఫోను చేశాడు. "అమ్మా, మండువా మీద అద్దాలు తీసెయ్యమన్నాను. అలా తీసేస్తే వానొచ్చినప్పుడు ఇంట్లో నీళ్ళు కారతాయని ఇంజనీరు భయపడుతున్నాడు."

"కారడానికే కదరా కట్టేది!" అన్నాను.

నవ్వాడు. మూల ఒక తూము పెట్టించమని ఇంజనీరుకి చెబుతానన్నాడు. గంగాళాలు అటక మీదే ఉన్నాయి, తోమించాలి.